స్మార్టు నగరములు – పరిపాలకధర్మము

పాఠశాలలో ప్రతి తరగతియందును ఒకరిద్దరు చురుకైన బాలురుందురు. ఉపాధ్యాయుడు ప్రశ్నను ముగింపకమునుపే వారి చేయి పైకి లేచును. అట్టివారిని మనము ‘స్మార్టు’ అని ఇంగ్లీషుమాటతో మెచ్చుకొందుము. ఇరువదియేండ్లుగా బోధనవృత్తియందున్న నాకు అనుభవముచే దెలిసినదేమన, చురుకుదనము వేఱు, వివేకము వేఱు. చురుకైనవాడు అడిగిన ప్రశ్నకు శీఘ్రముగా నుత్తరము చెప్పును. వివేకియో, ఏ ప్రశ్న ముందుగా అడుగదగినదో ఎఱుగును. ఈ పదేండ్లలో మన నగరములకును ఈ విశేషణమే తగిలింపబడినది. కావున నగరము స్మార్టగుట యననేమి, అందు ప్రజాపరిపాలనమునకు గల పని యేమి అను విషయమును గృహస్థులమైన మనము నిదానముగా విచారించుట యావశ్యకము. ఇది ఇంజనీర్లకు మాత్రమే విడిచిపెట్టదగిన విషయము గాదు.

మొదట నాకు ప్రత్యక్షమైన యొక చిన్న సంగతి చెప్పెదను. మాయూరి ప్రధానకూడలిలో కొంతకాలము క్రిందట నొక పొడవైన స్తంభమును నాటిరి. దానికి నాలుగు దిక్కులును జూచు కెమెరాలు, గాలిలోని ధూళిని కొలుచు యంత్రము, ప్రకటనలు వెలుగు తెర అమర్చిరి. ఆ కూడలికి రెండువందల గజముల దూరమున, మా పాఠశాల వెనుక, ఒక పల్లపువీథి గలదు. అచట మురుగుకాలువ పూడిపోయి, వానకాలమున నీరు ఇండ్లలోనికి వచ్చును. ఆ వీథిలో ఇడ్డెనలమ్మి జీవించు నొక వృద్ధురాలు తన మనుమని వెంటబెట్టుకొని నాయొద్దకు వచ్చినది. ఆ బాలుడు మా పాఠశాల విద్యార్థియే. మేము మువ్వురము గూడి పురపాలకుల యాపులో ఫిర్యాదు నమోదు చేసి, కాలువ ఫోటోను జతపఱచితిమి. నాలుగవనాడు “మీ ఫిర్యాదు పరిష్కరింపబడినది” అని సందేశము వచ్చినది. కాలువ మాత్రము యథాపూర్వముగనే యుండెను. మరల నమోదు చేసితిమి; మరల పరిష్కరింపబడెను. అప్పుడామె, “పంతులుగారూ, ఫోనులో బాగైపోయిందంటున్నారు గదా, మరి నా గుమ్మం ముందు ఎప్పుడు బాగవుతుందండీ?” అని యడిగినది. నాయొద్ద ఉత్తరము లేకపోయెను.

ఇది యెవరో యొక చిన్న ఉద్యోగి చేసిన తప్పని త్రోసివేయవచ్చును. కాని కొంచెము యోచింపుడు. యంత్రమున లోపమేమియు లేదు; సందేశము చెప్పిన గడువులోననే చేరినది. లెక్కల పట్టికలో మా వీథి పరిష్కృతమైన ఫిర్యాదులలో జేరియుండును. ఆ పట్టికను జూచు అధికారికి నగరము బాగుగనే కనబడును. లోపించినదొక్కటే: ఆ సందేశమును బంపినవాడు ఆ వృద్ధురాలికి జవాబుదారి గాడు. తన పైయధికారికి మాత్రమే జవాబుదారి. మన ప్రశ్న యంతయు ఈ చిన్న సంగతిలో ఇమిడియున్నది.

ఇక దేశవిషయమునకు వత్తము. కేంద్రప్రభుత్వము 2015 జూన్ 25న స్మార్టు నగరముల పథకమును బ్రారంభించెను. నూరు నగరములను ఎన్నుకొని, ఒక్కొక్కదానికి అయిదేండ్లలో సుమారు 500 కోట్ల రూపాయలు కేంద్రమిచ్చుటకును, దానికి సమానమైన మొత్తమును రాష్ట్రముగాని పురపాలకసంఘముగాని సమకూర్చుటకును నిర్ణయించిరి. మన తెలుగునగరములలో విశాఖపట్టణము, కాకినాడ 2016 జనవరిలో ప్రకటించిన మొదటి యిరువదిలోనే చేరినవి. అటుపిమ్మట వరంగల్లు, తిరుపతి, కరీంనగరము, అమరావతి చేరినవి. గడువు పలుమారులు పొడిగింపబడి, 2025 మార్చి 31తో ఆ పథకము ముగిసినది. ఎనిమిదివేలకు పైగా పనులు, లక్షన్నర కోట్ల రూపాయలకు మించిన వ్యయము ఇందు లెక్కింపబడినవి. పథకము ముగిసినది గాని అది నాటిన పద్ధతులు ముగియలేదు. కావున నిప్పుడే ఫలమును దూచి చూడదగిన కాలము.

న్యాయముగా మంచిని ముందు చెప్పవలెను. నూరు నగరములందును సమాచారమంతయు నొక్కచోట జేరు నియంత్రణకేంద్రములు ఏర్పడినవి. 2020లో కరోనా వ్యాపించినప్పుడు అనేకనగరములలో ఆ కేంద్రములే రోగుల వివరములకును, అంబులెన్సుల నడకకును, వైద్యసలహాకును స్థానములైనవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను గొట్టినప్పుడు విద్యుత్తు, టెలిఫోను తెగిపోయి, పొరుగువీథి వార్త గూడ తెలియక జనులు పడిన యవస్థ యెఱిగినవారెవ్వరును సమాచారము యొక్క విలువను తక్కువగా నెంచరు. గొట్టములో నీరు ఎక్కడ కారిపోవుచున్నదో తెలుపు యంత్రమును, బస్సు రాకను ముందుగా జెప్పు ఫలకమును నిందించుట మూర్ఖత. యంత్రద్వేషము సంస్కరణమార్గము గాదు. మన విచారణ యంత్రమును గూర్చి గాక, దాని వెనుక గూర్చున్న అధికారమును గూర్చి.

మొదటి ప్రశ్న: నిర్ణయించువారెవరు?

ఈ పథకమున ప్రతి నగరమునకును ఒక ప్రత్యేకమైన కంపెనీని స్థాపించిరి. అందు రాష్ట్రమునకును పురపాలకసంఘమునకును సమానమైన వాటాలు. పథకమునకు సంబంధించినంతవరకు పురపాలకసభకు గల హక్కులను, నిర్ణయాధికారమును ఆ కంపెనీకిని దాని ముఖ్యాధికారికిని అప్పగించుటను కేంద్రపు నియమావళి ప్రోత్సహించెను. కారణము స్పష్టము: సభలో వాదోపవాదములు, జాప్యములు, పక్షపాతములు, కంపెనీలో త్వరితకార్యము. అయితే ఇదే దేశము 1992లో 74వ రాజ్యాంగసవరణను గావించి, 1993 జూన్ 1 నుండి అమలు చేసి, పురపాలకసంఘములకు రాజ్యాంగస్థానము నిచ్చెను. పండ్రెండవ షెడ్యూలులో పదునెనిమిది విషయములను వారికి అప్పగింపదగినవిగా పేర్కొనెను. మూడులక్షలు, అంతకుమించిన జనసంఖ్యగల పట్టణములలో వార్డు కమిటీలుండవలెనని విధించెను. ఒక చేతితో నిచ్చినదానిని మరియొక చేతితో ప్రక్కకు దొలగించినట్లు కాలేదా?

విశాఖను జూడుడు. అచటి మహానగరపాలకసభ పదవీకాలము 2012లో ముగిసినది. తరువాతి యెన్నిక 2021 మార్చిలో జరిగినది. నడుమ నగరము స్మార్టు నగరముగా ఎన్నుకొనబడెను, కంపెనీ స్థాపింపబడెను, పనులు సాగెను. పౌరులెన్నుకొన్న సభ మాత్రము లేకుండెను. తిరుపతి 2007లో కార్పొరేషను అయినను, ఆ హోదాలో మొదటి యెన్నిక 2021లో గాని జరుగలేదు. ఈ లోపల నగరములను నడపిన అధికారులలో సమర్థులు, సజ్జనులు అనేకులుండిరనుటకు సందియము లేదు. కాని యజమాని లేనప్పుడు ఇల్లు చక్కబెట్టిన గుమాస్తాను మెచ్చుకొనుట వేఱు, ఇక యజమాని అక్కఱలేదనుకొనుట వేఱు.

“పురపాలకసభలు అవినీతికి నిలయములు; వారికి అధికారమిచ్చిన నగరము బాగుపడదు” అని చదువుకొన్నవారే తఱచుగా అందురు. ఈ యాక్షేపణ నిరాధారము గాదు. 1874లో వీరేశలింగము పంతులుగారు వివేకవర్ధనిని స్థాపించి స్థానికాధికారుల లంచగొండితనమును బయలుపెట్టిన నాటినుండి తెలుగువారికి ఈ రోగము తెలిసినదే. కాని వారు చూపిన చికిత్స యేమి? దోషమును నలుగురిలో జెప్పి, పౌరుని మేలుకొలిపిరే గాని పౌరుని ఇంటికి బంపుమనలేదు. 1882 మేలో స్థానికస్వపరిపాలనమును గూర్చి తీర్మానము జేసిన రిప్పన్ ప్రభువు, పరాయిపాలకుడయ్యును, దాని ముఖ్యప్రయోజనము పనులు చక్కగా జరుగుట గాదనియు, ప్రజలకు రాజకీయవిద్య గలుగుట యనియు స్పష్టముగా జెప్పెను. ఉపాధ్యాయుడనగుటచే ఈ మాట నాకు సులభముగా బోధపడును. పలకమీద బాలుడు వ్రాయు అక్షరము వంకరగానుండును. వాని చేతినుండి బలపము లాగుకొని నేనే వ్రాసినచో పలక అందముగానే యుండును. బాలుడు మాత్రము నిరక్షరుడుగా మిగులును.

సమ్మతిలేని పురోభివృద్ధి యెట్లు పరిణమించునో చూపు నిదర్శనము మన నేలమీదనే గలదు. మొదటి యూరపు యుద్ధము ముగిసిన కొలదికాలమునకు మద్రాసు ప్రభుత్వము చీరాల, పేరాల గ్రామములను గలిపి మ్యునిసిపాలిటీ చేసెను. పేరునకది యభివృద్ధియే. కాని నేతపనివారును పేదలును మిక్కుటముగానున్న ఆ యూళ్లపై పన్ను పలురెట్లు పెరిగెను. వారి మొఱ వినినవారు లేరు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వేలాది జనులు తమ ఇండ్లను విడిచి, ఊరివెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని, ఎండకు వానకు నోర్చి నెలల తరబడి కాపురముండిరి. వీథిదీపమును, రోడ్డును ద్వేషించి వారు వెడలలేదు. తమను అడుగక తమ యూరిని మార్చిన అధికారమును నిరాకరించి వెడలిరి. ఆ మట్టిపాకలలో పౌరత్వము యొక్క అర్థము దెలిసినవారుండిరి. మ్యునిసిపాలిటీ పేరుగల ఊరు శూన్యమయ్యెను.

రెండవ ప్రశ్న: నగరము చూచుచున్నది, నగరమును జూచువారెవరు?

పురజనులను గుఱించి సమాచారము సేకరించుట ఈనాటి కల్పన గాదు. కౌటిల్యుని యర్థశాస్త్రమున రెండవ యధికరణమునందు నగరాధ్యక్షుని విధులు చెప్పబడినవి. పది, ఇరువది, లేక నలువది యిండ్లకు గోపుడను ఉద్యోగి యుండి, అచటి స్త్రీపురుషుల కులగోత్రనామములను, వృత్తులను, ఆయవ్యయములను గూడ తెలిసికొనవలెనట. బయటినుండి వచ్చినవారిని సత్రముల యజమానులు తెలియజేయవలెనట. వీథిలో దుమ్ము పోసినవానికిని, బురదనీరు నిలిపినవానికిని జరిమానాలు గూడ గలవు. చదువుచున్నప్పుడు రెండువేల యేండ్లనాటి స్మార్టు నగరమువలె తోచును! కాని ఒక భేదము గమనింపదగినది. అచట ప్రజ రాజునకు ప్రజ. గోపుని పుస్తకములో నేమి వ్రాయబడినదో అడుగుటకు ఆ ప్రజకు సాధనము చెప్పబడలేదు. మనము పౌరులము. మనలను గూర్చి వ్రాసిన పుస్తకమును చూపుమని అడుగుట మనకు హక్కు.

ఈ హక్కునకు ఆధారము లేకపోలేదు. 2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వ్యక్తిగోప్యత ప్రాథమికహక్కేయని ఏకగ్రీవముగా దీర్పు జెప్పెను. 2023లో వ్యక్తుల డిజిటల్ సమాచారరక్షణకు చట్టము వచ్చినది. అయితే అందు ప్రభుత్వసంస్థలకు విశేషమైన మినహాయింపులు గలవు. దొంగను బట్టుటకు కెమెరా కావలసినదే. కాని ఏ కన్య ఏ వీథిని ఏ వేళ నడచినదో, ఏ సభకు ఎవరు వచ్చిరో తెలుపు చిత్రములు ఎన్నిదినము లుండును, ఎవరు చూతురు, ఎవరి యనుమతితో చూతురు అనునది పౌరసభలో నిర్ణయింపబడవలెను. ఇంటికి కిటికీ పెట్టునప్పుడు ఇంటివారిని గదా అడుగవలెను!

ఈ విషయమున కెనడాదేశపు టొరంటో నగరచరిత్ర ఉపయుక్తము. 2017 అక్టోబరులో గూగులుకు తోబుట్టువైన సైడ్‌వాక్ ల్యాబ్స్ అను సంస్థ, సరస్సుతీరమున పండ్రెండెకరముల ప్రదేశమును యంత్రమేధతో నడచు పేటగా నిర్మించెదనని ముందుకు వచ్చెను. సమాచారము ఎవరి సొత్తు, ఎవరి రక్షణలో నుండును అని పౌరులు విడువక ప్రశ్నించిరి. సంస్థ మరింత విశాలమైన ప్రదేశమును గోరగా, తీరాభివృద్ధిని జూచు ప్రజాసంస్థ 2019 అక్టోబరులో ఆ పండ్రెండెకరములకే పరిమితము చేసి, సమాచారవిషయమున దేశపు చట్టములకే లోబడియుండవలెనని నిర్ణయించెను. 2020 మేలో ఆర్థికానిశ్చయమును కారణముగా జెప్పి ఆ సంస్థ తప్పుకొన్నది. వారి నిర్గమనమునకు పౌరుల ప్రశ్నలే కారణమని నేననను. కాని యంత్రము నాటకముందే ప్రశ్నించుటకు అచట వేదిక యుండెను. వినుటకు బద్ధమైన ప్రజాసంస్థ యుండెను. పరిపాలనమునకు ముఖ్యమైన పని ఇదియే.

మూడవ ప్రశ్న: ధనము ఎవరి వీథికి?

ఈ పథకమున నగరమంతటికిని చెందు కార్యములు కొన్ని, ఎన్నుకొన్న ప్రదేశమునకు మాత్రమే చెందునవి కొన్ని. ఉన్న పేటను బాగుచేయుటకు 500 ఎకరములకు మించిన ప్రదేశము, కూల్చి కట్టుటకు 50 ఎకరములకు మించినది, క్రొత్తగా గట్టుటకు 250 ఎకరములకు మించినది ఎన్నుకొనవలెనని నియమము. వ్యయములో అధికభాగము ఇట్టి ప్రదేశములకే ఉద్దేశింపబడెను. వేలాది యెకరముల నగరములో ఇది యెంతభాగమో పాఠకులే యూహింపగలరు. ముఖమునకు మాత్రము చందనము పూసికొని పాదమున పుండును గప్పిపుచ్చువాడు ఆరోగ్యవంతుడు గాడు.

పుండు అనిన మాట ఊరక వాడలేదు. చేతులతో మలమును ఎత్తు పనిని, రక్షణసాధనములు లేకుండ మనుష్యుని మురుగుగుంటలోనికి దింపుటను 2013నాటి చట్టము నిషేధించినది. అయినను విషవాయువు సోకి పారిశుద్ధ్యపు పనివారు మరణించిన వార్తలు మనము నేటికిని చదువుచున్నాము. వారెక్కువగా ఏ కులములవారో చెప్పనక్కఱలేదు. గుంట మూతమీద సమాచారయంత్రమును బిగించి, గుంటలోనికి మాత్రము మనుష్యుని దింపు నగరమును ఏమని పిలువవలెను? ఒక నగరపు వివేకమును కొలుచుటకు నాకు దెలిసిన కొలబద్ద యిది: అచట మనుష్యుడు గుంటలోనికి దిగుట పూర్తిగా నిలిచెనా లేదా?

లాభాపేక్షగల సంస్థ చేయని పనిని చేయుటయే ప్రభుత్వపు ప్రత్యేకధర్మము. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదులో వేలకొలది ప్రాణములను హరించెను. మరుసటి సంవత్సరము విశ్వేశ్వరయ్యగారిని రప్పించి సలహా గైకొనిరి. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను సిద్ధమయ్యెను. పండ్రెండు, పందొమ్మిదేండ్లు పట్టిన పనులు! వరద రాకపోవుటకు టిక్కెట్టు అమ్మలేము. నదీతీరపు పాకలో నిద్రించువానినుండి రుసుము వసూలు చేయలేము. కావుననే అది ప్రజాధనముతో చేయవలసిన పని యయ్యెను.

“అది నిజాముల యేలుబడి గదా, ఎన్నికలు లేకయే పని జరిగినది గదా” యని ఎవరైన అనవచ్చును. నిజమే. మంచి ప్రభువు దొరకుట భాగ్యము. కాని భాగ్యముమీద పట్టణమును కట్టలేము. ప్రభువు మంచివాడు గానప్పుడు పౌరునికి మిగులునది చీరాలవారివలె ఇల్లు విడిచిపోవుటయే. పౌరసభ యున్నచోట ఇల్లు విడువక అధికారినే మార్చుకొనవచ్చును. నిపుణుని జ్ఞానమును, ప్రజల యధికారమును గలుపుట కష్టమేగాని, ఆ కష్టమునే స్వపరిపాలనమందురు.

ఇంతవరకు పాలకులను గూర్చి చెప్పితిని. ఇక మనలను గూర్చి చెప్పకున్న ఈ వ్యాసము ఏకపక్షమగును. శాసనసభ యెన్నికలను గుఱించి వీథి యరుగుమీద గంటలతరబడి వాదించు మనలో, మన వార్డు కౌన్సిలరు పేరు చెప్పగలవారెందఱు? పురపాలకుల ఆయవ్యయపట్టికను ఒక్కసారియైన అడిగి చూచినవారెందఱు? ఇంటిలోని చెత్తను ప్రక్కవారి గోడవద్ద పడవేసి, నగరము అశుభ్రమని పత్రికకు లేఖ వ్రాయువారము మనము. యాపులో ఫిర్యాదు చేసి ధర్మము నెఱవేరినదని తృప్తిపడువారము. వార్డు కమిటీ యేర్పడలేదని నలుగురు గృహస్థులు గూడి వినతిపత్రమిచ్చుటకు పెద్ద చదువు అక్కఱలేదు. కెమెరా నాటిన చోట, ఈ చిత్రములెవరియొద్ద నుండునని సమాచారహక్కు చట్టము క్రింద ఒక దరఖాస్తు వ్రాయుటకు పది రూపాయలకు మించి వ్యయము గాదు. ఇట్టి దరఖాస్తులు మన స్త్రీలు గూడ వ్రాయవలెను. నీరు, మురుగు, వీథిదీపము వీని కష్టమును పురుషులకంటె వారే ఎక్కువగా ఎఱుగుదురు.

మా పల్లపువీథి సంగతి చెప్పి ముగించెదను. రెండవ సందేశము వచ్చిన తరువాత ఆ వీథిలోని పదునెనిమిది ఇండ్లవారు ఆదివారమునాడు మా పాఠశాల వరండాలో గూడిరి. ఆ వృద్ధురాలు మొదట మాటాడినది. చదువుకొన్న పిల్లలు వ్రాసిరి. వ్రాతరానివారు వ్రేలిముద్ర లిడిరి. ఆ పత్రమును గొని అందఱును కార్యాలయమునకు నడచి వెళ్లి, కాలువయొద్దకు వచ్చి చూడుమని అధికారిని గోరిరి. అతడు వచ్చి చూచెను. కాలువ సగముదూరము పూడిక తీయబడినది; తక్కిన సగమునకై మరల వెళ్లవలసియున్నది. వెళ్లెదము. కూడలిలోని స్తంభము రాత్రింబవళ్లు చూచుచునే యున్నది, చూడనిమ్ము. కాని దానికి కనబడిన దానిని సరిదిద్దుటకు ఎవడు బద్ధుడో, వానిని అడుగుటకు ఎవరికి హక్కో తేల్చుట మన పని. అది తేలిననాడు ఆ నగరమునకు ఏ విశేషణమిచ్చినను చెల్లును.